శూన్యనాళికా ధ్వనివర్ధకములు – ఎంపిక, వాడుక, ప్రాణరక్షణ

వాల్వు అనియు, ట్యూబు అనియు రెండు పేర్లతో మనకు పరిచయమైన గాజు పరికరమునకు తెలుగులో శూన్యనాళిక అని పేరు. లోపల గాలి లేని నాళిక కనుక పేరు సార్థకమే. ఉర్దూలో శూన్యమును ఖలా అంటారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసినప్పుడు దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అటువంటి పనినే తెలుగులో చేసినది. ఐనను ఈ పరికరమును చేతబట్టి బతికిన మైకు పనివారికి ఆ పేర్లలో ఏదియు చేరలేదు. మన పల్లెలలో దీపపు బల్బును బుగ్గ అంటారు. వాల్వు కూడ చాలమందికి ఒక బుగ్గయే. పేరు ఏదైనను నష్టము లేదు. కాని ఆ బుగ్గ పాదముల వద్ద నాలుగు వందల వోల్టులు ఉండవచ్చుననియు, స్విచ్చి తీసిన తరువాత కూడ అవి కొంతసేపు అక్కడనే పొంచి ఉండుననియు తెలుపు మాట వారి భాషలో వారికి అందవలసినంతగా అందలేదు. భాషను బోధించువారమైన మేము ఈ విషయమును చేపట్టుటకు కారణము ఇదియే.

ధ్వనివర్ధకము, అనగా మైకుసెట్టు, మన రెండు జిల్లాల ప్రజాజీవితములో కలిసిపోయిన వస్తువు. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు, నార్కట్‌పల్లి వద్ద చెర్వుగట్టు జాతరకు, పాలమూరు వైపు కురుమూర్తి జాతరకు, ఊరూర ఒగ్గుకథకు, బుర్రకథకు, ఎన్నికల సభకు అది లేనిదే పని జరుగదు. ట్రాన్సిస్టరు 1947లోనే కనుగొనబడినను, మైకుసెట్లలో చాలకాలము వాల్వులే పనిచేసినవి. కరెంటు చేరని చోట కారు బ్యాటరీకి వైబ్రేటరు అను చిన్న సాధనమును తగిలించి, ఆరు లేక పన్నెండు వోల్టులను వందల వోల్టులకు పెంచి వాటిని నడిపెడివారు. తరువాత తేలికయు, చవుకయు అయిన ట్రాన్సిస్టరు సెట్లు వచ్చినవి. వాల్వు సెట్లు అటకలెక్కినవి.

ఐతే వాటి కథ ముగియలేదు. గిటారు వాయించువారు, సంగీతమును శ్రద్ధగా వినువారు నేటికిని వాల్వు యాంప్లిఫయర్లను కోరుచున్నారు. స్లొవాకియా, రష్యా, చైనా దేశములలో వాల్వులు ఇప్పటికిని తయారవుచున్నవి. మా కళాశాల సామానుగదిలోను ఒక పాత సెట్టు ఉన్నది. అందులో రెండు 6ఎల్6, రెండు ఇ.సి.సి.83, ఒక 5యు4 వాల్వులు కలవు. వార్షికోత్సవమునాటికి దానిని మాట్లాడించెదమని విజ్ఞానశాస్త్ర విద్యార్థులు కోరినారు. ప్రమాదము లేదని ఎవరు పూచీ పడుదురని కమిటీ పెద్దలు అడిగినారు. ఇరువురి మాటయు న్యాయమైనదే. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులతో చర్చించి, ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును ఇచట వ్రాయుచున్నాము.

మొదట వాల్వు పనిచేయు తీరు. లోహపు తీగ వేడెక్కినప్పుడు దానిని ఆవరించిన కాథోడు అను గొట్టము కూడ వేడెక్కి, ఎర్రని నిప్పుకణికవలె వెలుగుతుంది. ఆ వేడికి కాథోడు పూత నుండి ఎలక్ట్రానులు వెలువడతాయి. ఎదుట ప్లేటు అను రేకు ఉన్నది. దానికి ధన వోల్టేజి, ఉర్దూలో చెప్పవలెనన్న ముస్బత్, ఇచ్చినచో ఎలక్ట్రానులు అటు పరుగిడతాయి. ఈ రెంటితో పనిచేయునది ద్విధ్రువ నాళిక. 1904లో ఫ్లెమింగు దానిని రూపొందించినాడు. కాథోడుకు, ప్లేటుకు నడుమ సన్నని తీగల జాలి నుంచి, దానికి కొద్దిపాటి ఋణ వోల్టేజి ఇచ్చినచో ప్రవాహమును అదుపు చేయవచ్చును. 1906లో డిఫారెస్టు ఈ జాలిని చేర్చుటతో త్రిధ్రువ నాళిక పుట్టినది. చెరువు తూము వద్ద నీరటికాడు తూముకర్రను కొద్దిగా ఎత్తి దించుటతో కాలువంత నీటిని శాసించినట్లు, గ్రిడ్డు అనబడు ఈ జాలి మీది చిన్న మార్పు ప్లేటు వద్ద పెద్ద మార్పగును. వర్ధకమనగా ఇంతే. శక్తి గల వాల్వులలో మరి రెండు జాలులు చేర్చినచో పెంటోడు, జాలుల అమరికను మార్చి ఎలక్ట్రానులను దూలమువలె నడిపించినచో బీము వాల్వు ఏర్పడతాయి. 1936లో వెలువడిన 6ఎల్6 ఈ రెండవ కోవకు చెందినది.

మన దేశమున బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ 1961 నుండి రేడియో వాల్వులను తయారు చేసినది. ఆ ముద్ర గల ఇ.సి.సి.83, ఇ.ఎల్.84 పాత సెట్లలో నేటికిని కనిపిస్తాయి. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. ఆ ప్రసారములను మన ఇండ్లలో వినిపించినవియు ఈ బుగ్గలే. చరిత్ర ఇంతటితో చాలును.

ఇక ఎంపిక. వాల్వు పేరు అర్థములేని అక్షరముల గుంపు కాదు. యూరపు పద్ధతిలో మొదటి అక్షరము హీటరును తెలుపుతుంది. ఇ అనిన 6.3 వోల్టులు, పి అనిన వరుసగా కలుపు 300 మిల్లీ ఆంపియర్ల హీటరు, యు అనిన 100 మిల్లీ ఆంపియర్ల హీటరు. తరువాతి అక్షరములు జాతిని తెలుపుతాయి. సి త్రిధ్రువము, రెండు సి లు ఒకే గాజులో రెండు త్రిధ్రువములు, ఎల్ శక్తి గల పెంటోడు, జెడ్ రెండు ప్లేట్ల రెక్టిఫయరు. అంకెలలో మొదటిది బేసును చెప్పుతుంది: 8 తో మొదలైనచో తొమ్మిది కాళ్ల చిన్న బేసు, 3 తో మొదలైనచో ఎనిమిది కాళ్ల ఆక్టలు బేసు. కనుక ఇ.ఎల్.84 అనగా 6.3 వోల్టుల హీటరు, శక్తి పెంటోడు, తొమ్మిది కాళ్లు. అమెరికా పద్ధతిలో మొదటి అంకె హీటరు వోల్టేజిని సుమారుగా సూచించును, 6ఎల్6కు 6.3, 5యు4కు 5 వోల్టులు. తెలుగులో సమాసమును విగ్రహవాక్యముగ విడదీయుట నేర్చిన విద్యార్థికి ఇది కష్టము కానేరదు.

పేరు తెలిసినంత మాత్రమున ఎంపిక ముగియదు. అసలు చిక్కు బేసు దగ్గర ఉన్నది. బేసులో దిగినది కదా, పనిచేయునను నమ్మకము పనివారిలో బలముగ ఉన్నది. ఇంతకంటె హానికరమైన నమ్మకము ఈ విద్యలో మరి లేదని మా అభిప్రాయము. బేసు తలుపు గొళ్లెము వంటిది. లోపలికి వచ్చినవాడు ఎవరో అది అడుగదు.

మా సెట్టునే ఉదాహరణగా తీసికొందము. 6ఎల్6 బేసులో ఇ.ఎల్.34 చక్కగ దిగుతుంది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇ.ఎల్.34 జత ఒకటి ఉన్నదని, అది 6ఎల్6 కంటె గొప్పదని ఒక విద్యార్థి ఉత్సాహముతో చెప్పినాడు. గొప్పదే కావచ్చును. లెక్క చూడుడు. 6ఎల్6 హీటరుకు 0.9 ఆంపియరు కావలెను, ఇ.ఎల్.34కు 1.5 ఆంపియరు. ఇ.సి.సి.83 ఒక్కొక్కటి 0.3 ఆంపియరు తీసికొనును. ఇప్పుడున్న వాల్వులకు మొత్తము 2.4 ఆంపియర్లు. ఇ.ఎల్.34 జతను పెట్టినచో 3.6 ఆంపియర్లు. మా ట్రాన్సుఫార్మరు మీద హీటరు చుట్టకు 3 ఆంపియర్లని వ్రాసి ఉన్నది. పాట మొదలైన గంటలో ఏమియు కాదు. రెండు మూడు గంటల సభలో ట్రాన్సుఫార్మరు కాగి, వార్నీషు కమురు వాసన వేసి, లోపలి పొరల నడుమ బంధనము చెడుతుంది. అప్పుడు చెడునది ట్రాన్సుఫార్మరు మాత్రమే కాదు. మెయిను కరెంటుకును, సెట్టు రేకుకును నడుమనున్న గోడ కూలుతుంది. ఎంపికలోని పొరపాటు భద్రతలోని పొరపాటుగ మారు విధము ఇది.

మరొక సూక్ష్మము కలదు. గాజు 6ఎల్6లో ఒకటవ కాలికి పని లేదు. పని లేని కాలు కనుక కొందరు తయారీదారులు ఆ కాలి కొక్కెమును వేరొక తీగల అతుకునకు ఆధారముగ వాడుకొందురు. ఇ.ఎల్.34లో అదే ఒకటవ కాలికి మూడవ జాలి కలిసి ఉన్నది. దానిని ఎనిమిదవ కాలితో కలుపవలెను. బేసును తిరగవేసి చూడక వాల్వు మార్చినవారు ఆ జాలికి ఏ వోల్టేజిని ఇచ్చుచున్నారో వారికే తెలియదు.

ఒకే పేరు గల వాల్వుల మధ్యను తేడా ఉన్నది. మొదటి 6ఎల్6కు, 6ఎల్6జి కి ప్లేటు మీద గరిష్ఠము 360 వోల్టులు, 19 వాట్లు. తరువాత వచ్చిన 6ఎల్6జిసి కి 500 వోల్టులు, 30 వాట్లు. తోక అక్షరములను విస్మరించి, 430 వోల్టులు నడుచు సెట్టులో పాత 6ఎల్6 పెట్టుట వృద్ధుని చేత మూట మోయించుట వంటిది. కొన్నాళ్లు మోయును. అట్లే 6వి6 స్థానమున 6ఎల్6 పెట్టుటయు కలదు. కాళ్ల అమరిక ఒకటే. కాని 6వి6 హీటరు 0.45 ఆంపియరే, అనగా సరిగా సగము. చిన్న వాల్వులలో ఇ.సి.సి.82, ఇ.సి.సి.83 లకు కాళ్లు, హీటరు సమానము. కాని వర్ధన గుణకము మొదటిదానికి సుమారు 17, రెండవదానికి 100. ఒకదాని బదులు మరొకటి పెట్టినచో ప్రాణాపాయము లేదు గాని, మైకు కూతపెట్టుటయో, గొంతు నూతిలోనుండి వచ్చినట్లుండుటయో తప్పదు. ఇ.ఎల్.84కు కవలవలె కనిపించు పి.ఎల్.84కు హీటరు 15 వోల్టులు. పేరులోని మొదటి అక్షరమును చదువుట నేర్వవలెనని చెప్పినది ఇందుకే.

యు అక్షరముతో మొదలగు వాల్వుల గురించి ప్రత్యేకముగ హెచ్చరింపవలెను. ఇవి సాధారణముగ ట్రాన్సుఫార్మరు లేని చవుక రేడియోలలో ఉంటాయి. హీటర్లన్నియు వరుసగ కలిపి మెయినుకే తగిలించినందున, ఆ సెట్ల లోపలి రేకు మెయిను తీగలలో ఒకదానికి నేరుగ అంటి ఉండును. ప్లగ్గు తిరగబడినచో రేకు మొత్తము కరెంటే. జుమ్మెరాత్ బజారులోనో, మరొక పాత సామాను సంతలోనో ఇటువంటి రేడియో చవుకగ దొరికినదని విద్యార్థులు తెచ్చుకొని విప్పరాదు. అందుకు మినహాయింపులు లేవు.

పాత వాల్వును కొనునప్పుడు కంటితోనే కొంత గ్రహింపవచ్చును. గాజు నెత్తిమీదనో, ప్రక్కనో లోపల వెండి అద్దమువంటి పూత ఉంటుంది. మిగిలిన వాయువును పీల్చుటకు ఉంచిన బేరియము పూత అది. వెండివలె మెరయుచున్నచో మంచిది. పాలవలె తెల్లబడినచో గాజు పగిలి గాలి చొరబడినదని అర్థము. ఆ వాల్వు చచ్చినది. నడుచునప్పుడు గాజు లోపలి గోడల మీద నీలి కాంతి కనిపించినచో భయపడ నక్కరలేదు. ప్లేటుకు, కాథోడుకు నడుమ ఊదా రంగు మబ్బు కనిపించినచో లోపల వాయువు చేరినదన్నమాట, తీసివేయవలెను. ప్లేటే ఎర్రబడినచో ఆ క్షణముననే స్విచ్చి తీయవలెను. చిన్న వాల్వును పెన్సిలుతో మెల్లగ తట్టినప్పుడు స్పీకరులో గంట మ్రోగినట్లు వినిపించినచో దానిని మైకు దగ్గరి మొదటి స్థానమున వాడరాదు. శక్తి వాల్వులను జతగ కొనునప్పుడు ఒకే తయారీవి, కొలిచి జతపరచినవి తీసికొనుట మేలు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ లాగినచో ధ్వని చెడి, ఎక్కువ లాగునది ముందు కాలును.

వాల్వు సరిగ నడుచుచున్నదో లేదో తెలిసికొనుటకు ఒక లెక్క ప్రతి విద్యార్థికి రావలెను. కాథోడుకు, నేలరేకుకు నడుమ రెసిస్టరు ఉన్న సెట్లలో ఇది సులభము. ఒంటరి ఇ.ఎల్.84ను తీసికొందము. ప్లేటుకు, కాథోడుకు నడుమ 250 వోల్టులు, కాథోడు రెసిస్టరు 135 ఓములు. ఆ రెసిస్టరు మీద 7.3 వోల్టులు కనిపించినచో, 7.3ను 135తో భాగింపగా 54 మిల్లీ ఆంపియర్లు. అందులో సుమారు 5.5 తెరజాలికి పోవును. ప్లేటుకు మిగిలినది 48.5. దానిని 250తో గుణించిన 12 వాట్లు. ఇ.ఎల్.84 గరిష్ఠము సరిగ 12 వాట్లే. అదే రెసిస్టరు మీద 9 వోల్టులు కనిపించినచో ప్లేటు 15 వాట్లు మ్రింగుచున్నదని అర్థము. వాల్వును నిందింపకముందు దాని వెనుకనున్న కాగితపు కండెన్సరును చూడవలెను. ముందరి వాల్వు ప్లేటు మీది 200 వోల్టులను ఆపి, ధ్వనిని మాత్రము గ్రిడ్డుకు పంపుట దాని పని. వయసు మీరిన కండెన్సరులో 50 మెగాఓముల దారి ఏర్పడినను, 470 కిలోఓముల గ్రిడ్డు రెసిస్టరు మీద దాదాపు 1.9 వోల్టుల ధన వోల్టేజి చేరును. ఏడు వోల్టుల ఋణమును నమ్ముకొన్న వాల్వుకు ఇది చాలు, అదుపు తప్పుటకు. కొత్త వాల్వులు ఎన్ని మార్చినను కాలిపోవుచున్నవను ఫిర్యాదు వెనుక తరచు కొద్దిపాటి ఖరీదు గల ఈ కండెన్సరు ఉంటుంది.

5యు4 వంటి రెక్టిఫయరు వాల్వు పాడైనప్పుడు దాని స్థానమున సిలికాను డయోడులను అతుకుట మన వైపు సాధారణము. డయోడులు మంచివే. కాని వాల్వు లోపల తగ్గెడి నలువది వోల్టుల వరకు ఇప్పుడు తగ్గవు. అంతేకాక, డయోడులు తక్షణమే పనిచేయును. శక్తి వాల్వులు వేడెక్కుటకు కొన్ని సెకండ్లు పట్టును. ఈ నడుమ కాలములో కండెన్సర్ల మీద పూర్తి వోల్టేజి నిలుచును. ట్రాన్సుఫార్మరు 350 వోల్టులిచ్చినచో దాని శిఖరము 495 వోల్టులు. కండెన్సరు మీద వ్రాసినది 450. పేలుటకు ఇంతకంటె కారణము అక్కరలేదు.

ఇప్పుడు కండెన్సరు ప్రాణాపాయమును గురించి. వాల్వు సెట్టులో వోల్టేజిని నిలకడగ ఉంచుటకు పెద్ద కండెన్సర్లు ఉంటాయి. 400 వోల్టులు నిండిన 100 మైక్రోఫారడ్ కండెన్సరులో 8 జౌలుల శక్తి ఉంటుంది. సెట్టు ప్లగ్గు తీసి చేత బట్టుకొని ఇంటికి తీసికొనిపోయినను అది లోపలనే ఉండవచ్చును. దానిని ఖాళీ చేయుటకు కండెన్సరు మీద శాశ్వతముగ ఒక రెసిస్టరు ఉండవలెను. 220 కిలోఓములు, 2 వాట్లది పెట్టినచో 400 వోల్టులు 40కి దిగుటకు దాదాపు 51 సెకండ్లు పట్టును. రెండు నిమిషములు ఆగుట మర్యాద. ఆ రెసిస్టరు తెగి ఉండవచ్చును కనుక, దానిని నమ్మి చేయి పెట్టరాదు, మీటరుతో చూడవలెను. ఇంకను వోల్టేజి ఉన్నచో 10 కిలోఓముల, 10 వాట్ల రెసిస్టరుకు రెండు వైపుల పొడవైన బంధన తీగలు తొడిగి, దానితో ఐదు సెకండ్లు తాకించవలెను. స్క్రూడ్రైవరును అడ్డముగ పెట్టి టప్పున పేల్చుట మన దుకాణములలో ఒక మగతనముగ చెలామణి అవుచున్నది. కరిగిన లోహము కంట పడిన తరువాత ఆ మగతనమునకు విలువ లేదు. కండెన్సరు కూడ లోపల దెబ్బతినును.

సెట్టు నడుచుచుండగ కొలతలు తీయుట తప్పనిసరియైనచో మీటరు నల్లతీగను ముందే రేకుకు కొక్కెముతో బిగించి, ఒక చేతితోనే ఎర్రతీగను కదుపవలెను. రెండవ చేయి జేబులో ఉండవలెను. రెండు చేతులు తాకినచో కరెంటు దారి గుండె మీదుగ పోవును. ఉంగరము, గడియారము తీయవలెను. కాళ్లకు పొడి చెప్పులు ఉండవలెను. ప్రక్కన మెయిను స్విచ్చి ఎక్కడనున్నదో తెలిసిన మరొకరు నిలిచి ఉండవలెను. కబుర్లు చెప్పుటకు కాదు, చూచుటకు. ఎవరినైనను కరెంటు పట్టినచో వారిని ముట్టక, మొదట మెయిను తీసి, వీలుకానిచో పొడి కర్రతో తప్పించి, శ్వాస లేనిచో ఛాతీని నొక్కుట ప్రారంభించి, 108కి ఫోను చేయవలెను. 807 వంటి కొన్ని వాల్వుల నెత్తిమీద లోహపు టోపీ ఉంటుంది. దానికే ప్లేటు కలిసి ఉన్నది. పై మూత లేకుండ ఆ సెట్టును విద్యార్థుల నడుమ పెట్టుట నేరముతో సమానము.

ఎర్తు విషయములో మన ప్రాంతమునకు ఒక ప్రత్యేకత కలదు. నల్లగొండ, మహబూబునగరు మెట్టభూములలో పైన పలుచని ఎర్రచల్క, క్రింద నల్లరాయి. ఎండకాలములో ఆ మట్టి ఎండి, కరెంటు భూమిలోనికి దిగుటకు దారి ఇవ్వదు. దీని ఫలితమును లెక్కించి చూడుడు. సెట్టు రేకుకు మెయిను తీగ అంటినది. ఎర్తు నిరోధము 20 ఓములైనచో 230 వోల్టులకు 11.5 ఆంపియర్లు పారును. 5 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిపోవును. నిరోధము 200 ఓములైనచో పారునది 1.15 ఆంపియరు మాత్రమే. ఫ్యూజు కదలదు, దీపము వెలుగుచునే ఉండును, రేకు మీద మెయిను వోల్టేజి నిలిచి ఉండును. మైకు చేతబట్టిన గాయకుడు తడి నేల మీద నిలుచున్నచో ఆ ఎర్తు తానే అగును. కనుక ఎర్తు తీగ ఉన్నదా అని కాదు, ఎర్తు గుంత పనిచేయుచున్నదా అని అడుగవలెను. రెండున్నర మీటర్ల జి.ఐ. గొట్టము, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు, వేసవిలో నీరు పోయుటకు పైన గరాటు, ఇది చాలకాలముగ సాగుచున్న పద్ధతి. దీనికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి బోర్డులో ఉండవలెను. ఎర్తు బలహీనమైనను అది కరెంటు చాటుగ కారుటను పసిగట్టి తెంపును.

ఐతే ఇచట ఒక భ్రమను తొలగింపవలెను. ఆర్.సి.సి.బి. ఉన్నది కదా అని సెట్టు లోపల చేయి పెట్టరాదు. ట్రాన్సుఫార్మరు అవతలి వైపు పుట్టిన నాలుగు వందల వోల్టులు మెయిను తీగలకు సంబంధము లేనివి. వాటిని తాకినవానిని ఆర్.సి.సి.బి. చూడనే చూడదు. గోడమీది రక్షణ గోడ వరకే.

వోల్టేజి హెచ్చుతగ్గులు మరొక సంగతి. లైను చివరి ఊళ్లలో మోటార్లన్నియు ఒకేసారి నడుచునప్పుడు 230 ఉండవలసినది 180కి దిగినచో, 6.3 వోల్టుల హీటరుకు అందునది 4.9 మాత్రమే. కాథోడు చాలినంత వేడెక్కదు, గొంతు నీరసించును. జాతరలో జనరేటరు అదుపు తప్పి 260 ఇచ్చినచో హీటరుకు 7.1 వోల్టులు, ప్లేటుకును అదే నిష్పత్తిలో ఎక్కువ. పది శాతమునకు మించిన తేడాను వాల్వు చిరకాలము సహింపదు. మంచి స్టెబిలైజరు ఉండవలెను. పాత ట్రాన్సుఫార్మర్ల మీద 200, 220, 240 అని మూడు కొక్కెములుంటాయి. 240 మీద పెట్టుట శ్రేయస్కరము.

స్పీకరు లేకుండ వాల్వు సెట్టును నడుపరాదు. ట్రాన్సిస్టరు సెట్లకు అలవాటుపడినవారు దీనిని నమ్మరు. స్పీకరు తీగ ఊడినప్పుడు ఔట్‌పుట్ ట్రాన్సుఫార్మరులో వేల వోల్టుల ఎగురుపాట్లు పుట్టి, లోపలి బంధనమును చీల్చును. గుట్ట మీది హారనులకు పొడవైన తీగలు లాగునప్పుడు ఎవరి కాలు తగిలి తీగ తెగినను మైకువాడు మొదట ధ్వనిని తగ్గించి, స్విచ్చి తీయవలెను. హారను తీగలు 100 వోల్టుల లైను మీద ఉన్నచో ఆ తీగలే షాకు కొట్టగలవని కూడ మరువరాదు.

చాల ఏండ్లు మూలబడిన సెట్టును ఒక్కసారిగ ప్లగ్గులో పెట్టరాదు. మన ఎలక్ట్రీషియనులందరికి తెలిసిన సిరీసు బల్బు ఇచట గొప్ప ఉపకారి. 60 లేక 100 వాట్ల తీగ బల్బును, ఎల్.ఇ.డి. కాదు, సెట్టుకు వరుసగ కలిపి పెట్టవలెను. బల్బు ఒక క్షణము వెలిగి మసకబారినచో మంచిది. నిండుగ వెలుగుచునే ఉన్నచో లోపల ఎక్కడనో కలిసిపోయినది, తీసి వెదుకవలెను. శక్తి వాల్వులను ఊడదీసి ట్రాన్సుఫార్మరును మాత్రము మొదట పరీక్షించుట ఇంకను మేలు. ఫ్యూజు స్థానమున స్పీకరు తీగపోగులు చుట్టిన సెట్టు ఏది కనిపించినను, దానిని చుట్టినవాని తక్కిన పనిని కూడ అనుమానింపవలెను. నడుచుచున్న శక్తి వాల్వు గాజు 200 డిగ్రీలు దాటును. దుమ్ము పడకుండ సెట్టు మీద శాలువా కప్పు మంచి మనసును మేము ఎరుగుదుము. ఆ శాలువాయే అంటుకొనును.

ఇంత చెప్పి, వార్షికోత్సవమున వాల్వు సెట్టు కావలెనా అని అడిగినచో మా మాట ఇది. ఉపన్యాసములకు, బహుమతుల ప్రకటనలకు ట్రాన్సిస్టరు సెట్టే చాలును. అది తేలిక, దాని ప్రమాదము తక్కువ. వాల్వు ధ్వని మెత్తనిదని అనుట పూర్తిగ భ్రమ కాదు. మోయలేనంత ధ్వనిని మోపినప్పుడు అది ట్రాన్సిస్టరువలె ఒక్కసారి కోసినట్లు కాక, మెల్లమెల్లగ వంగుతుంది. ఆ వంపే గిటారువారికి ప్రియము, ఖవ్వాలీ గొంతునకు ఒప్పును. కాని ఈ సెట్టును బాగుచేయుటకు అసలు కారణము అది కాదు. ట్రాన్సిస్టరు ముక్కలో విద్యార్థికి కనిపించునది నల్లని మూత మాత్రమే. వాల్వులో కాథోడు వెలుగు, గ్రిడ్డు జాలి, ప్లేటు అన్నియు కంటికి కనిపిస్తాయి. భౌతికశాస్త్ర పాఠములో నల్లబల్ల మీద గీసిన బొమ్మ అచట నిజముగ నిలిచి ఉంటుంది.

కనుక కమిటీ వారికి మా మనవి: సెట్టును ప్రయోగశాల వస్తువుగ అనుమతించుడు, రంగస్థలపు వస్తువుగ ఈ సంవత్సరము కాదు. మొదట కాగితపు కండెన్సర్లను, ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లను మార్చి, ఖాళీ చేయు రెసిస్టరు అతికి, మూడు కాళ్ల ప్లగ్గు, సరియైన ఫ్యూజు, పైన చిల్లుల మూత అమర్చిన తరువాతనే 6ఎల్6లు కొనవలెను, ఇ.ఎల్.34లు వద్దు. అధ్యాపకుడు లేనప్పుడు తెరువకుండ మూతకు తాళము ఉండవలెను. ప్రయోగశాల బోర్డులో ఆర్.సి.సి.బి. పెట్టించవలెను. ఎర్తు గుంతను సంక్రాంతికి ముందే త్రవ్వించి, నిరోధమును మే నెలలో కొలిపింపవలెను. వానాకాలపు కొలత ఈ నేల విషయములో మనలను మోసగించును. మే నెలలో మాత్రము ఇచట గడ్డపార దిగదు.